ఒక అంతస్తు పైన టీకొట్టు

రిహార్సల్‌గారు ముందు ఒకసారి చేసి చూసుకోకుండా ఏ పనీ చెయ్యరు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ముందురోజే అద్దం ముందు కుర్చీ వేసుకుని, నోరు బార్లా తెరిచి, చెంచాతో తనని తానే బెదిరించుకుంటారు. ఎవరినైనా పరామర్శించడానికి వెళ్లాలంటే మొహం దిగులుగా పెట్టి భార్యకి చూపించి, "ఎక్కువైందా?" అని అడిగి, కాస్త తగ్గించుకుని మరీ బయల్దేరతారు. ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ అపార్ట్‌మెంటులో అది ఎవరికీ గుర్తులేదు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో జనానికి నేర్పడం ఆయన పని. నెలనెలా గంట కొట్టి అందరినీ బయటికి పరిగెత్తించి, లెక్కపెట్టి, మళ్లీ లోపలికి పంపేవారు. ఆయన రిటైరయ్యేదాకా అక్కడ చీపురుపుల్ల కూడా కాలలేదు. అదృష్టమని ఫ్యాక్టరీవాళ్లు అన్నారు. వీళ్లు తయారుగా ఉన్నారని నిప్పుకి తెలిసిపోయిందని ఆయన అన్నారు.

అల్లుడికి ఈ సంగతి పెళ్లికి ముందే అనుభవంలోకి వచ్చింది. అతను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు, నిదానస్తుడు. పిల్లనిమ్మని అడగడానికి కొత్త చొక్కా వేసుకుని వెళితే, రిహార్సల్‌గారు అంతా విని, కాఫీ ఇప్పించి, చాలా బాగా మాట్లాడారని మెచ్చుకుని, "ఇవాళ్టిది లెక్కలోకి రాదు. వచ్చే ఆదివారం ఇదే చొక్కాతో వచ్చి మళ్లీ అడగండి" అన్నారు. అతను మళ్లీ వెళ్లి అడిగాడు. మొదటిసారే బాగా అడిగాడని అత్తగారు ఇప్పటికీ అంటుంది.

ఆ ఏడు వానలు తగ్గి, చలి ఇంకా పట్టుకోని రోజుల్లో, రెండు రోజులు అందరం కలిసి ఎక్కడికైనా వెళ్లొద్దామని అతని భార్య భోజనాల దగ్గర అంది. బస్సులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరుకునే కొండ ఒకటి ఉంది. ఎక్కడమంటే పెద్ద ఎక్కడం కాదు, చంటిపిల్లల్ని చంకనేసుకుని కూడా జనం ఎక్కుతారు. చెట్లన్నీ ఎర్రబడే కాలం. పైనుంచి చూస్తే లోయంతా కనిపిస్తుంది. ఆలస్యం చేస్తే మాత్రం ఆకులు రాలిపోతాయి.

"మీరు వెళ్లిరండి. నేను ఇల్లు చూసుకుంటాను" అంది అత్తగారు.

ఆ ఇల్లు ఎక్కడికీ పోదని అందరికీ తెలుసు. అసలు సంగతి మెట్లు. కిందటేడు కరెంటు పోయి లిఫ్టు ఆగినప్పుడు ఆవిడ మెట్లు దిగుతూ జారిపడింది. విరిగిన కాలు అతుక్కుంది. భేషుగ్గా ఉందని డాక్టరు కాలు తట్టి మరీ చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. అప్పటినుంచి ఒక్క మెట్టు ఎక్కింది లేదు, దిగింది లేదు. లిఫ్టు పాడైతే బాగుచేసేదాకా గడప దాటదు. ఒకసారి అలాగే ఇంట్లో ఉల్లిపాయలు నిండుకుంటే బాల్కనీలోంచి బుట్టకి తాడు కట్టి కిందికి వదిలింది.

"అమ్మ రాకపోతే నేనూ వెళ్లను" అంది భార్య, ఇంటికి నడిచి వెళుతుంటే. "ఏడాదిగా ఆవిడ ఆ బాల్కనీలోంచి కనపడేది తప్ప ఇంకేదీ చూడలేదు. నాన్న దగ్గర మాత్రం ఈ ఊసు మళ్లీ ఎత్తకు. రిహార్సల్ పెడతారు."

అప్పటికే పెట్టేశారు. ఆదివారం పొద్దున వీళ్లిద్దరూ వెళ్లేసరికి రిహార్సల్‌గారు నెత్తిన టోపీ, మెడలో ఈల, బిల్డింగు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మెట్లే కొండట. ఐదంతస్తుల పైనున్న డాబా శిఖరమట. సామాను బరువు అలవాటవడానికి ఆయన అల్లుడి సంచిలో ఇస్త్రీపెట్టె, రుబ్బురోలు పొత్రం పెట్టారు.

"మరి అత్తయ్యగారు?" అన్నాడు అల్లుడు, పొత్రాన్ని ఓ భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ.

"తను రానంది కదా. రాని మనిషికి రిహార్సలేమిటి? ఊరికే కూర్చోవడమెందుకని టీకొట్టావిడ వేషం ఇచ్చాను. కొండ మీద టీ లేకపోతే ఎలా?"

వీళ్లు రెండో అంతస్తు చేరేసరికి అత్తగారు తన గుమ్మం ముందు స్టూలు వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. మొదట కొంచెం సిగ్గుపడింది. రెండో గ్లాసు పోసేసరికి వేషం పట్టుబడింది. భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయాసపడుతుంటే, "ఏమయ్యా, తాగుతావా, పక్కకి తప్పుకుంటావా?" అంది.

పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన్ని 'మీరు' తప్ప ఇంకో మాట అనని మనిషి. కూతురు నోరు తెరిచింది. రిహార్సల్‌గారు గ్లాసులో టీ సగం చొక్కా మీద పోసుకుని, "భేష్. టీకొట్టంటే ఇలాగే ఉండాలి" అన్నారు.

డాబా మీద రెండు గంటలు ప్రకృతిని చూడటం జరిగింది. నీళ్ల ట్యాంకు ఎదురు కొండ, ఎవరివో ఆరేసిన దుప్పట్లు మబ్బులు. రిహార్సల్‌గారు ఈల వెయ్యగానే అందరూ ఒకేసారి "అబ్బ, ఎంత బాగుందో" అనాలి. అల్లుడిది మనసులోంచి రాలేదని మూడుసార్లు అనిపించారు.

ఇంతటితో అయిందనుకున్నాడు అల్లుడు. మళ్లీ ఆదివారం ఫోనొచ్చింది. వాన రిహార్సలట. మొక్కలకి నీళ్లు పోసే డబ్బాతో ఆయనే వాన కురిపించారు. తర్వాత పోట్లాట రిహార్సల్. ప్రయాణాల్లో మొగుడూ పెళ్లాలు ఎలాగూ పోట్లాడుకుంటారు, అదేదో ఇక్కడే కానిచ్చుకుంటే అక్కడ టైము కలిసొస్తుందని ఆయన వాదన. నేర్పుగా ఆయన మొదలుపెట్టిన పోట్లాట ఒకటి కూతురికీ అల్లుడికీ నిజంగానే అంటుకుని సాయంత్రందాకా సాగింది. తప్పిపోవడం రిహార్సల్లో ఆయనే తప్పిపోయారు. వెతగ్గా వెతగ్గా నాలుగో అంతస్తులో ఉండే ఒక ఫోటోగ్రాఫరింట్లో దొరికారు, భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటూ.

టీకొట్టు మీద కూడా ఆయనకి ఒక ఫిర్యాదు పుట్టింది. మనుషులింకా అలసిపోకముందే టీ వచ్చేస్తోందట. కొట్టు ఇంకో అంతస్తు పైన ఉండాలట.

"ఆ మెట్లు నేనెక్కను" అంది అత్తగారు.

"నిన్నెవరెక్కమన్నారు? నేను టీకొట్టావిడ సంగతి చెబుతున్నాను. రోజూ కొండెక్కి దిగే మనిషి. ఆవిడకి మెట్లేమిటి, లెక్కా?"

అత్తగారు కాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని, తిట్టుకుంటూ ఎక్కింది. స్టూలు ఆయన మోశారు. వేషంలో ఉంది కాబట్టి తిట్లు మొహమాటం లేకుండా వచ్చాయి. ఆపై ఆదివారం కొట్టు ఇంకో అంతస్తు పైకి జరిగింది. ఈసారి స్టూలు కూడా ఆవిడే పట్టుకెళ్లింది.

అల్లుడి ఓపిక ఆ రోజే అయిపోయింది. అతనికి సెలవిస్తానన్న షాపు యజమాని రోజుకోసారి గొణుగుతున్నాడు. వీధిలో చెట్లు అప్పుడే ఆకులు వదులుతున్నాయి. మూడో అంతస్తు మలుపులో సంచి దించి, "మామయ్యగారూ, ఇంక నావల్ల కాదు" అన్నాడు. "మనం రిహార్సల్ పూర్తి చేసేదాకా ఆకులు ఆగవు. రాలిపోయాక మోడుల్ని చూసి 'ఎంత బాగుందో' అనమంటారా?"

ఆయనకి కోపం రాలేదు. టోపీ తీసి, నుదురు తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నారు. "ఇంకొక్క అంతస్తు, అల్లుడుగారూ. ఒక్కటే."

అతనికి అర్థం కాలేదు. అప్పుడే పైనుంచి కేక వినిపించింది. "కింద ముచ్చట్లేమిటి? టీ చల్లారితే నాది పూచీ లేదు." తలెత్తి చూశాడు. పై అంతస్తులో, రెయిలింగు మీంచి సగం బయటికి వంగి, చెయ్యి ఊపుతూ అత్తగారు. కిందటి వారం గోడ వదలని ఆ చెయ్యి ఇప్పుడు దేన్నీ పట్టుకుని లేదు.

అల్లుడు మామగారి వైపు చూశాడు. ఆయన టోపీ సర్దుకోవడంలో చాలా తీరిక లేకుండా ఉన్నారు. అల్లుడు వంగి పొత్రం సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"అత్తయ్యగారూ," అన్నాడు పైకి చూస్తూ, "నాకింకా అలుపు రాలేదు. కొట్టు డాబా మీద పెడితే బాగుండేది."

అలా ఆ తర్వాతి ఆదివారం కొట్టు డాబా మీద వెలిసింది. వీళ్లు చేరేసరికి ఆవిడ ట్యాంకు నీడలో కూర్చుని, ఎదురుచూసి ఎదురుచూసి తన టీ తను తాగేసింది. బేరం ముగిశాక కూతురు యథాలాపంగా అన్నట్టు, బస్సు టిక్కెట్లు మూడు తీస్తున్నానని చెప్పింది.

"అక్కడ టీ ఎవరు పోస్తారు?" అంది అత్తగారు.

"ఎవరో ఒకావిడ ఉంటుందిలే" అన్నారు రిహార్సల్‌గారు, మబ్బుల్లాంటి దుప్పట్ల వైపు చూస్తూ.

"ఎవరో ఒకావిడా? ఇన్ని వారాలు నా చేత మెట్లెక్కించి టీ పోయించుకుని, ఇప్పుడు ఎవరో ఒకావిడా?" అత్తగారు ఫ్లాస్కు మూత బిగించింది. "నాలుగు తియ్యి."

కొండ మీద సగం ఆకులు అప్పటికే దారిలో పడి ఉన్నాయి. మిగతా సగం ఉన్నాయో లేవో తెలియలేదు. వీళ్లు పైకి చేరిన వేళకి పొగమంచు కమ్మింది. లోయ లేదు, ఎదురు కొండ లేదు, అల్లుడికి తన చెప్పులే సరిగా కనపడలేదు. టీకొట్టు ఉంది గాని దానికి తాళం ఉంది. రిహార్సల్‌గారు అందరికన్నా వెనక, మోకాళ్లు పట్టుకుని, ఆగి ఆగి వచ్చి, అలవాటు కొద్దీ ఈల వేశారు. నలుగురూ వరసగా నిలబడి, ఆ తెల్లటి గోడ లాంటి మంచు వైపు చూసి, "అబ్బ, ఎంత బాగుందో" అన్నారు. అల్లుడిది ఈసారి మనసులోంచి వచ్చింది. అత్తగారు మూసిన కొట్టు అరుగు మీద కూర్చుని ఫ్లాస్కు తీసింది. నవ్వు ఆపుకోలేక మొదటి గ్లాసు ఒలకబోసింది.

మర్నాడు ఇల్లు చేరేసరికి రిహార్సల్‌గారి మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. ఇన్ని రిహార్సళ్లలోనూ మోకాళ్ల మాట ఆయనకి తట్టలేదు. కూతురూ అల్లుడూ చెరో రెక్క పట్టుకుని లిఫ్టెక్కించారు. నలుగురు పట్టరని అత్తగారు మెట్ల వైపు వెళ్లింది.

రెండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఆవిడ గుమ్మం ముందు స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏమయ్యా, టీయా?" అంది. "ఇవాళ్టికి ఇక్కడే తాగు. రేపటినుంచి కొట్టు ఒక్కో అంతస్తే కిందికి దించుతాను. నడిచొస్తేనే పోస్తాను."