సోయి లేని చెయ్యి మీద ఎవరిదో బొటనేలు

దయ్యాలు, గాలి సోకుడు అని ఎవరన్న మొదలుపెడితే నేను కస్సుమని లేస్త. మా ఆర్మూర్ల గసొంటి ముచ్చట్లకు కొదవ లేదు, నేను ఒక్కటి నమ్మలే. ఇప్పుడు సుత నమ్మ. కాని ఎనభైల చివర్ల నా కుడిచెయ్యికి అయింది మాత్రం ఉన్నదున్నట్టు చెప్త.

అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. పెండ్లైన ఏడాదికే ఆయన దుబాయ్ పోయిండు. ఇంట్ల నేను, మా అత్తమ్మ. దసరా వెళ్లినంక గోదాంల పసుపు ఏరే పనికి పోయి, బస్తాల మీదికెళ్లి జారి పడ్డ. జబ్బ ఎముక నడిమికి విరిగింది.

"దవాఖానల కోస్తరు బిడ్డా" అని అత్తమ్మ నన్ను పక్కూర్ల కట్టు కట్టెటాయన దగ్గరికి తోల్కపోయింది. గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి బిగ్గ కట్టిండు. వారానికి విప్పితే చెయ్యి మణికట్టు కాడ వంగి కిందికి వేలాడుతున్నది. లేపుదామంటే లేవదు. అత్తమ్మ నెత్తి కొట్టుకున్నది.

నిజామాబాద్ల డాక్టర్ ఎక్స్‌రే చూసిండు. "ఎముక అతుకుతదమ్మా. నరమే దెబ్బతిన్నది. మస్తు మెల్లగ పెరుగుతది. ఆరు నెలలు చూద్దాం, రాకుంటే ఇంతే" అన్నడు. బొటనేలికీ చూపుడేలికీ నడుమ సూదితోని గుచ్చిండు. నాకేం తెల్వలే.

నా ఫికర్ కూలి గురించి కాదు. ఆయనకు ఉత్తరాలు నేనే రాసేదాన్ని. నీ రాత చూస్తేనే పానం లేచొస్తదని రాసేటోడు. వేరేటోళ్లతోని రాయిస్తే ఎందుకని అడుగుతడు. చెయ్యి పడిపోయిందంటే ఆడ ఒక్కడే ఉన్నోడు తిండి మానేస్తడు. అందుకే రాయుడే బంద్ చేసిన. రెండు ఉత్తరాలొచ్చినయ్. రెండోదాంట్ల "నా మీద కోపమొచ్చిందా?" అని ఉన్నది. చదివి పెట్టెల పెట్టిన.

పసుపు ఉడకబెట్టే కాలమొచ్చింది. గల్లీ మొత్తం చేన్లల్లనే. అత్తమ్మ పొద్దుగాల అంకాపూర్ దిక్కు కూలికి పోతే పొద్దుగూకినంక వచ్చేది. అప్పటిదాక నన్ను పలకరించే దిక్కు లేదు.

ఒకనాడు పగటీలి తలుపు గొళ్లెం పెట్టి గోడకు ఒరిగి కూసున్న. మోచేతి కింద ఎవరో బొటనేలుతోని రుద్దినట్టైంది. పసుపు కొమ్ముకు మట్టి పోవాల్నని రుద్దుతం సూడుండ్రి, అచ్చం గట్ల. గరుకు వేలు. వంగి చూసిన. తోలు లోపలికి ఒత్తుకొని ఉన్నది. ఇడువంగనే గా జాగ తెల్లగై, మెల్లగ ఎర్రబడ్డది. ఇంట్ల నరపురుగు లేదు. అమ్మో అని వాకిట్లకు ఉరికిన.

తెల్లారి మళ్ల గంతే. రోజూ గదే వేళకు. నాలుగైదు రోజులకు భయం పోయింది. దాపుడెందుకు, ఎదురుచూసుడు మొదలైంది. గన్ని రోజుల్ల నన్ను ప్రేమతోని ముట్టింది గదొక్కటే.

వారం వారం గా వేలు జర జర కిందికి దిగింది. మణికట్టు దాటి, డాక్టర్ సూది గుచ్చిన జాగకొచ్చింది. నేను సుత పిన్నీసుతోని గుచ్చి చూసుకున్న. పిన్నీసు తెల్వలే, వేలు తెలిసింది.

డాక్టర్‌కు చెప్తే నవ్విండు. "నరం మొలుస్తుంటే చీమలు పాకినట్టు ఉంటదమ్మా."

"చీమలు నాకెరుకనే సారూ. తోలు ఒత్తుకపోవుడు గూడ నరమేనా?"

ఆయన బయట కూసున్న ఇంకో రోగిని లోపలికి పిలిచిండు. అత్తమ్మకు చెప్తే ఎర్రనీళ్లతోని దిష్టి తీసింది.

ఐదో నెలల, అన్నం తినుకుంట, చెయ్యి దానంతటదే పైకి లేచింది. అత్తమ్మ గా చెయ్యిని మొకానికి ఆనించుకొని ఏడ్చింది. తెల్లారే ఆయనకు ఉత్తరం రాసిన, వంకరటింకరగ. పడ్డది, విరిగింది, లేచింది, అన్నీ రాసిన. వేలు సంగతి రాయలే.

ఉత్తరం డబ్బల ఏసొచ్చి, గొళ్లెం పెట్టి, చెయ్యి చాపుకొని కూసున్న. పొద్దుగూకింది. ఎవ్వరు రాలే. చెయ్యి వచ్చినందుకు సంబురపడాలె గద, నేను ఎక్కెక్కి ఏడ్చిన. మళ్ల ఎన్నడు రాలే.

గదేందో ఇన్నేండ్లైనా నాకు సమజ్ కాలే. నరమే అనుకుందామంటే ఒత్తుకపోయిన తోలు కండ్ల ముంగటనే ఉన్నది.

రెండేండ్లకు ఆయన వచ్చిండు. నా చెయ్యి పట్టుకొని అటిటు తిప్పి చూసి, "గన్ని నెలలు పగటిపూట ఒక్కదానివే ఉంటివా?" అన్నడు.

అవునన్న. ఆయనతోని నేనాడిన అబద్ధం గదొక్కటే.