ఎగ్జిట్ కార్టన్లలో దొరికిన కథలు

మా చిన్నప్పుడు... సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియాలోని మా బిల్డింగ్ మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. ఎవరూ కొట్టలేదు, పరీక్ష తప్పలేదు... నాకు ప్రాణమైన సిరీస్‌లో ఆఖరి పుస్తకం అయిపోయింది, అంతే!

ఓ పాత పడవేసుకుని ఊరూరూ తిరిగే అక్కాతమ్ముళ్ల కథలవి. ఇంగ్లీషులో, మా ఈడు పిల్లల కోసం రాసినవి. పై ఇంటి జ్యోతి అక్క ఒక్కొక్కటే ఇచ్చేది. నేను ఒక అధ్యాయం చదవడం, పైకి పరుగెత్తి తనకు చెప్పడం... అవన్నీ తను ముందే చదివేసినా, కళ్లింత చేసుకుని కొత్తగా వింటున్నట్టే వినేది.

మాది ప్రొద్దుటూరు వైపు, మా నాయన డ్రైవర్. వాళ్లది నిజామాబాద్ దగ్గర పల్లె, వాళ్ల నాన్న ఏసీ మెయింటెనెన్స్‌లో సూపర్‌వైజర్. నాకంటే రెండు క్లాసులు పెద్దది కాబట్టి లోకంలో ఆమెకు తెలియనిది లేదని నా నమ్మకం.

"ఏడ్వకు పిల్లా... గిసోంటియి ఇంకా ఉంటయ్. దేవులాడుదం" అంది జ్యోతి అక్క.

ఎక్కడ వెతకాలి? పెద్ద పుస్తకాల షాపులో ధర చూసి బుద్ధిగా మళ్లీ అక్కడే పెట్టేసేవాళ్లం. స్కూల్లో లైబ్రరీ బీరువాకు తాళం. తీస్తే పుస్తకాలు పాడైపోతాయట! ఇక మిగిలింది ఒకటే దారి... ఎగ్జిట్ కార్టన్లు.

ఇక్కడ పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఉద్యోగం అయిపోయి, ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్ ఇఖామా వదిలేసి, పూర్తిగా ఇండియా వెళ్లిపోవడాన్నే అందరూ ఎగ్జిట్ అంటారు. సామానంతా విమానంలో పట్టదు కదా... కుక్కరు, ఇస్త్రీపెట్టె, పరుపులు తెలిసినవాళ్లకు పంచేసేవారు. పిల్లల పుస్తకాలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అవన్నీ ఓ అట్టపెట్టెలో, తలుపు పక్కన పడుండేవి. మేమిద్దరం సర్దడానికి సాయం వచ్చినట్టు వెళ్లి, ఆ పెట్టె ముందు చతికిలబడేవాళ్లం.

మా పడవ కథల్లాంటిది అవునో కాదో తేల్చడానికి జ్యోతి అక్క దగ్గర ఓ పద్ధతి ఉండేది. అట్ట చూసేది కాదు, వెనకాల రాసింది చదివేది కాదు. మధ్యలో తెరిచి, పిల్లలు పోట్లాడుకునే చోటు వెతికేది.

"కొట్లాట మంచిగుంటే కథ మంచిగుంటది" అనేది.

పోట్లాట చప్పగా ఉంటే ఎంత అందమైన పుస్తకమైనా పెట్టెలోకే. ఒకదాంట్లో పోట్లాట బ్రహ్మాండం... తీరా ఇంటికొచ్చి చూస్తే చివరి పేజీలు లేవు. ముగింపు తనొకటి కల్పించింది, నేనొకటి కల్పించాను. ఏది బాగుందన్నదాని మీద ఇద్దరం ఓ పూట మాట్లాడుకోలేదు.

ఎవరికైనా ఎగ్జిట్ అని వినపడితే చాలు, నా మొహం వెలిగిపోయేది. ఓసారి చాటలో బియ్యం ఏరుతూ అమ్మ చూసింది.

"ఏందే ఆ సంబరం? వాళ్ల పని పోయి వాళ్లు ఏడుస్తాంటే నీకు పుస్తకాలు కావాల్సొచ్చినాయా?"

నాకు ఎక్కితేగా... పుస్తకాల పిచ్చి అలాంటిది.

ఆ వేసవిలో జ్యోతి అక్క వాళ్ల నాన్న పనిచేసే కంపెనీ మూతపడింది. ఆయనకు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, ఇఖామా రెన్యువల్ చేయనన్నాడు. వేరే కఫీల్ దొరికితే ఉండిపోవచ్చని పాపం ఆయన దమ్మామ్ దాకా తిరిగాడు. ఎవరికీ ఎగ్జిట్ పడకూడదని నేను దేవుడికి దువా చేసింది అదే మొదటిసారి. రోజూ చేశాను... దొరకలేదు.

వెళ్లే ముందురోజు సాయంత్రం, జ్యోతి అక్క ఒక కార్టన్ మోసుకుంటూ కిందికి దిగింది. మా గుమ్మంలో దించింది. పడవ కథలన్నీ పైనే పేర్చి ఉన్నాయి.

"నాకొద్దక్కా... నువ్వే ఎత్తకపో" అన్నాను.

"నువ్వు తీస్కోకుంటే నేను పోకుంట ఉంటనా పిల్లా?"

నవ్వుతూనే అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం, మమ్మల్ని చూసి అమ్మ కూడా ఏడ్చింది. ఊరెళ్లాక ఒకటి రెండుసార్లు ఫోన్ చేసింది... ఆ తర్వాత నంబర్లు మారిపోయాయి.

కొన్నాళ్లకు పక్క వీధిలో ఓ మలయాళీ కుటుంబం వెళ్లిపోయింది. వాళ్ల పెట్టెలో దొరికింది... అచ్చం మా పడవ కథల్లాంటిదే! ఎడారిలో దారి తప్పిన ముగ్గురు పిల్లలు, మంచినీళ్ల సీసా కోసం పోట్లాటలే పోట్లాటలు. ఒకచోట నవ్వు ఆగలేదు. పేజీలో వేలు పెట్టుకుని అలాగే మెట్లెక్కి పరుగెత్తాను... తలుపు దబదబా బాదాను.

తలుపు తీసింది ఒక ఈజిప్టు ఆవిడ. చంకలో పిల్లాడు. ఏం కావాలన్నట్టు అరబీలో ఏదో అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు... జ్యోతి అక్క లేదని. దిగి వచ్చేశాను. ఇంట్లోకొచ్చి గోడకు తిరిగి పడుకున్నాను. ఆ పుస్తకం చాలా రోజులకు గానీ పూర్తి చేయలేకపోయాను.

ఇప్పుడు పెళ్లయి, పిల్లతో మళ్లీ ఈ ఖోబర్‌కే చేరాను. మొన్న మా అమ్మాయికి ఇష్టమైన సిరీస్ అయిపోయింది. ఏడుస్తుందేమోనని నేను కంగారుపడుతుంటే... ఫోన్‌లో "ఇలాంటివే మరికొన్ని" అంటూ బోలెడు కొత్త నవలలు వరస కట్టాయి. అన్నం తినేలోపు ఒకటి మొదలుపెట్టేసింది. మంచిదే... ఇప్పుడు పుస్తకం దొరకాలంటే ఎవరూ వెళ్లిపోనక్కర్లేదు. కానీ చదువుతూ చదువుతూ పకపకా నవ్వి, ఎవరితోనూ ఏమీ అనకుండా మళ్లీ ఫోన్‌లోకి వంగిపోతుంటే నాకే ఏదోలా ఉంటుంది.

సగం చదివిన కథ చెప్పడానికి చిన్నప్పుడు మీరు ఎవరి ఇంటికి పరుగెత్తేవారు? రాయండి, చదువుకుంటాను...

జ్యోతి అక్కా, ఎక్కడున్నావో ఏమో... ఆ ఎడారి పిల్లలు చివరికి ఏమయ్యారో నీకింకా చెప్పనేలేదు.