ఉప్పు ముట్టని శనివారం

“శనివారం గదా, ఉప్పు ముట్టను. నీళ్లుంటే చాలు,” అన్నాడు నా భర్త, బూట్ల తాళ్లు బిగించుకుంటూ.

“అట్లయితే కొండెక్కమాకయ్యా. రేపు పోదురు.”

“పిల్ల ఒక్కతే పోతాదా ఏంది? పొద్దుగూకినాక తింటాలే.”

మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఆ రోజు కొండ మీద వాళ్ల నాయన పక్కన ఉన్నది తనే.

గిద్దలూరు కొండలు మా ఇంటి వెనక నుంచే మొదలవుతాయి. కాలేజీ రోజుల్లో మా అమ్మాయికి పరుగు పిచ్చి పట్టింది. రోడ్డు మీద కాదు, కొండ దారుల్లో. తెల్లారి బయలుదేరితే మధ్యాహ్నం దాకా రాదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు, ఆడపిల్ల ఒంటరిగా ఎట్లా అని ఆయన వెంట పోయేవాడు. మొదట నడిచాడు, తర్వాత ఆయన కూడా పరిగెత్తాడు. శనగ చేలల్లో తిరిగిన కాళ్లు కదా.

“ఏం మామా, కుక్క ఎంబడి పడిందా?” అని ఊళ్లో కుర్రాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

“లేదు అల్లుడా, నేనే నా కూతురి ఎంబడి పడినా. అందితేగా!” అనేవాడు.

శనివారాలు ఆయనకు ఒక్కపొద్దు. చీకటి పడ్డాక ఒక పూట తింటాడు, అంతవరకూ ఉప్పు తగిలినదేదీ నోట పెట్టడు. ఆ శనివారం ఎండ మండిపోయింది. చెమట కారినకొద్దీ నీళ్లు తాగాడు. తన సీసాలు అయిపోతే అమ్మాయివీ తాగాడు. పలకరాళ్ల వాలు దిగుతుండగా వాంతి అయింది, కాళ్లు తూలాయి. కూతుర్ని పట్టుకుని, ఎవరో గుర్తుపట్టక “అక్కా” అన్నాడట. దప్పికనుకుని అమ్మాయి ఇంకా నీళ్లు పట్టించింది. మేకల కాపరులు మోసుకుని దించారు.

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు: “నీళ్లు చాలక కాదమ్మా. చెమటలో ఉప్పు పోయింది, పైన ఉత్త నీళ్లు మరీ ఎక్కువ తాగాడు. అది మెదడు మీద పడింది.” ఆ సాయంత్రమే పోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి అమ్మాయి కలం ఆగింది. “నీళ్లు నేనే తాపినా అని రాయాల్నా మా?” అంది.

“రాయి. దప్పికైన మనిషికి నీళ్లియ్యకుండా ఎవరుంటారు? నేనున్నా అదే పని చేసేదాన్ని. అది కూడా రాయి.”

ఏడాది తిరిగాక మళ్లీ బూట్లు బయటికి తీసింది. వద్దనలేకపోయాను. పరుగు మానేసిన ఆ ఏడాదంతా దాని ముఖం చూశాను కాబట్టి. కానీ అది కొండెక్కిన రోజు నా ప్రాణం నా దగ్గర ఉండదు. అక్కడ ఫోను పలకదు. గిన్నెలు చప్పుడు కాకుండా కడుగుతాను, బయట పిలుపు వినపడదేమోనని. వీధిలో ఏ ఆటో అయినా మా వాకిట్లో నెమ్మదిస్తే చేతిలో గిన్నె వదిలేసి బయటికి వస్తాను.

భయంతోనే వండుతాను. సజ్జ రొట్టె పెట్టి చూశాను, ఎక్కేటప్పుడు గొంతులో అడ్డం పడిందంది. ఇప్పుడు ఉప్పేసి ఉడకబెట్టిన గెణుసుగడ్డలు, వేరుశనగ ఉండలు పెడతాను. చింతపండు, ఉప్పు, బెల్లం కలిపి దంచి చిన్న ఉండలు చేస్తాను, పరిగెత్తుతూ బుగ్గన పెట్టుకోవడానికి. నీళ్లలో కలుపుకునే ఉప్పు పొట్లాలు మందుల షాపులో కొంటాను.

“ఏంది మా ఈ మూట? పరిగెత్తను పోతా ఉండానా, అత్తగారింటికి పోతా ఉండానా?” అంటుంది.

ఈసారిది పెద్ద పరుగు. తెల్లారి మొదలైతే పొద్దుగూకే దాకా కొండల మీదే. నిన్న సంచి సర్దుతుంటే పొట్లాలూ చింతపండు ఉండలూ తీసి పక్కన పెట్టింది.

“అవి వద్దు మా. శనివారం గదా.”

వాళ్ల నాయన సంవత్సరీకం అయినప్పటి నుంచి ఆయన ఒక్కపొద్దు తను ఉంటోంది. పరుగు శనివారం పడిందని నాకు అప్పుడే తెలిసింది.

“నాయన పట్టిన ఒక్కపొద్దు నేను ఇడిచిపెట్టను,” అంది.

“ఇడిచిపెట్టమాక. ఈ శనివారం నీ బదులు నేనుంటా. మీ జేజికి జ్వరమొచ్చినప్పుడు వాళ్లమ్మ బదులు మీ నాయన ఉండలా? దేవుడేమన్నా అడిగినాడా?”

“నీకు బీపీ గదా మా.”

“ఉప్పు మానితే నా బీపీ చూసే డాక్టరు సంతోషపడతాడులే.”

నవ్వింది. సరే అని మాత్రం అనలేదు. నోటితో చెబితే తల ఊపి పోతుంది, వాళ్ల నాయన లాగే. అందుకే ఇవాళ కూర్చోబెట్టి రాయిస్తున్నాను. “ఒక్కపొద్దు అమ్మ ఉంటుంది, కొండ మీద నేను ఉప్పు తింటాను” అని చివర్లో రాయమన్నాను. చెయ్యి కదిలింది. రాసిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? అక్షరాలన్నీ నాకు గీతలే.

ఏదీ తల్లీ, మొదటి నుంచి చదివి వినిపించు. ఉప్పు దగ్గరికొచ్చి గబగబా దాటేయమాక. ఆ మాట నీ నోటితో వినాలి నేను. చదువు.