కారు లోపల నేను వేసిన ఎరుపు

ఒక్క మాటను పదేళ్ళకు పైగా మోస్తున్నాను. "దిగినాది" అన్న మాట. పట్టు రంగు నీళ్ళలోకి దిగింది అని దాని అర్థం. నా తమ్ముడి ముఖం చూసి అన్నాను. రంగు దిగలేదు. దిగలేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే ఇది చెప్పలేను. నా చదువు మూడో తరగతిలో ఆగిపోయింది, అందుకని నిదానంగా రాస్తాను. మీరూ నిదానంగానే చదవండి. తిట్టాలనిపిస్తే చివర్న తిట్టండి. మధ్యలో ఆపకండి.

మా నాయన ధర్మవరంలో పట్టుకు రంగులు వేసేవాడు. మా దగ్గర చీర నేసేవాళ్ళు వేరు, ఆ పట్టుకు రంగు వేసేవాళ్ళు వేరు. కాగే నీళ్ళలో రంగు, అది పట్టడానికి పులుపు కలిపి పట్టు పోగులను కర్రలకు వేలాడదీసి తిప్పుతూ ఉడికించాలి. తర్వాత నీళ్ళు తేటబడేదాకా కడగాలి. అంతా అయ్యాక మా నాయన ఒక పని చేసేవాడు. ఆరిన పోగుల్లోంచి చిన్న చిలప, అంటే పోగుల చుట్ట, తీసి, తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసేవాడు. కాసేపయ్యాక నీళ్ళలో రంగు కనిపిస్తే ఆ వాయి మొత్తం మళ్ళీ చేయాల్సిందే. ఆవిరి తగిలి తగిలి నాయన కళ్ళకు మసకలొచ్చాయి. అప్పటినుంచి గిన్నెలో నీళ్ళు చూసే పని నాది. నేను "తేట" అంటే ఆ పట్టు బయటికి పోయేది. "దిగింది" అంటే మళ్ళీ పొయ్యి మీదికి పోయేది. పావడా కట్టుకునే వయసులో నా మాటకు అంత విలువ ఉండేది. ఆ విలువే తర్వాత నా చేత పాడు పని చేయించింది.

నన్ను బత్తలపల్లె దగ్గర పల్లెలో ఇచ్చారు. అత్తగారివాళ్ళు మగ్గం మానేసి మెట్టసేద్యం పట్టినవాళ్ళు. మా ఆయన పోయాక ఇంటి పెత్తనం నాది. నాయన పోయాక రంగుల పని తమ్ముడిది.

వేరుశనగ వరసగా ఎండిపోతున్న రోజుల్లో మా పెద్దోడు ఒక పాత కారు కొన్నాడు, బాడుగలకు తిప్పుతానని. గుండ్రటి ముక్కుతో, బయట తెల్లగా బాగానే ఉండేది. లోపల మాత్రం అంతా బూడిద రంగు. సీట్లు బూడిద, కప్పుకు లోపల కుట్టిన గుడ్డ బూడిద, వెనక అద్దం కింద ఉండే పలక మీద గుడ్డ కూడా బూడిదే. మా ప్రాంతంలో కారు బాడుగంటే పెళ్ళి బాడుగే. ఒక పెళ్ళికూతురి తల్లి వచ్చింది. తలుపు తీసి లోపలికి తొంగి చూసి, "ఏమప్పా, నా కూతుర్ని పొయ్యిలో కూర్చోబెట్టి పంపమంటావా?" అని పోయింది. ఆ మాట ఊరంతా తిరిగింది. బాడుగలు రాలేదు.

అనంతపురంలో సీట్లు కుట్టే షాపువాడు లోపలంతా పీకి కొత్తది వేస్తానన్నాడు. పెద్దోడు సరే అనబోయాడు. నేను ఒప్పుకోలేదు.

"రంగులోళ్ళ ఇంట్లో పుట్టి రంగుకు ఒకరికి దుడ్లిస్తానా?" అన్నాను.

సీట్ల కష్టం పెద్దది కాదు. మెరూన్ గుడ్డ తెచ్చి తొడుగులు కుట్టాను. కప్పుకు, వెనక పలకకు ఉన్న గుడ్డ ఊడదీస్తే చిరిగిపోతుంది, కాబట్టి ఉన్నచోటే రంగు వేయాలి. ముందు కుంకుడు నీళ్ళతో రుద్దాను. ఎన్నాళ్ళ దుమ్మో, నీళ్ళు మా చేనిమట్టి రంగులో కారాయి. ధర్మవరం పోయి పట్టుకు వేసే ఎర్ర రంగు పొడి కొన్నాను. తమ్ముడి ఇంటి ముందునుంచే పోయాను కానీ లోపలికి పోలేదు. అడిగితే చెప్పేవాడు. పట్టు రంగు నూలు గుడ్డకు పట్టదక్కా అని చెప్పేవాడు. నా చేత ముక్కు తుడిపించుకున్నవాడి చేత చెప్పించుకోవాలా అనుకున్నాను.

రంగు కాచి, సున్నం కొట్టే కుంచెతో పూశాను. సీట్ల మీద గోనె పరిచి, వెల్లకిలా పడుకుని, తల మీది గుడ్డకు పూస్తుంటే చుక్కలు మొహం మీద పడేవి. మెడ పట్టేసింది. నాలుగు తలుపులూ తెరిచి ఎండలో ఆరబెట్టాను. ఆరాక ఊరివాళ్ళు వచ్చి చూశారు. "దానిమ్మకాయ ఒలిచినట్లుండాదే లోపల" అంది పక్కింటామె. నాకు లోపల ఎంత పొంగిందో ముఖంలో కనపడనీయలేదు.

మరునాడు దుమ్ము పడిందని తడిగుడ్డతో పలక తుడిచాను. గుడ్డ ఎర్రబడింది. పిండి మళ్ళీ తుడిచాను. మళ్ళీ ఎరుపే. ఎన్నిసార్లు తుడిచినా తేటబడలేదు. గిన్నెలో నీళ్ళు చూసి పెరిగినదాన్ని, నాకు వేరే ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఉడికితేనే పట్టే రంగును కుంచెతో పూశాను, అదీ నూలు గుడ్డకు. రంగు గుడ్డలోకి పోలేదు. పైన కూర్చుంది, అంతే.

పెద్దోడిని పిలిచి, "లోపల తడిగుడ్డ పెట్టొద్దు. పొడిగుడ్డతో దులుపు, సాలు" అన్నాను.

"వానొస్తేనో?"

"యాడొస్తాది లేరా" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. తడి తగిలితేనే బయటపడే తప్పు అది. మా నేల మీద ఆ తప్పు చేసి ఎన్నాళ్ళైనా దాచుకోవచ్చు.

బాడుగలు వచ్చాయి. పొయ్యి వెలిగింది. ఆ రంగు సంగతి నేను మరిచిపోయాననే చెప్పాలి.

మా ఊళ్ళో ఓబులేసు అని నేతగాడు. మీగడ రంగు ఒళ్ళు, ఎర్ర అంచు ఉన్న పెళ్ళిచీర నేశాడు. ఆ అంచు పట్టుకు రంగు వేసింది మా తమ్ముడే. చీరను ధర్మవరం సావుకారుకు ఇవ్వడానికి ఓబులేసు బస్సు కోసం నిలబడి ఉంటే నేనే పిలిచాను. "బస్సులో నలిగిపోతాది, మావాడు ఖాళీగానే పోతాండాడు, కార్లో పెట్టుకో పో" అన్నాను. మంచి మాటే అన్నాను. అతను చీరను తెల్లగుడ్డలో చుట్టి, వెనక అద్దం కింద పలక మీద పెట్టి, ముందు సీట్లో కూర్చున్నాడు.

కారు పోయిన కాసేపటికి వాన పట్టుకుంది. అంత వాన చూసి చాలా కాలమైంది. ఊరంతా వాకిళ్ళలో నిలబడి తడిసింది. నేనూ నిలబడ్డాను. చీర కొంగు పిండుకుంటూ ఉంటే పలక తుడిచిన గుడ్డ గుర్తొచ్చింది. ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. ఆ రోజు వాన ఆగితే బాగుండునని అనుకున్న మనిషి మా ఊళ్ళో నేను ఒక్కదాన్నే అయి ఉంటాను.

సావుకారు ఇంట్లో మూట విప్పితే మీగడ రంగు మీద అంచు పక్కనే ఎర్ర మరకలు. చుట్టిన తెల్లగుడ్డ కూడా ఎర్రబడింది. వాన తడికి అంచు రంగు దిగిందన్నాడు సావుకారు. అంచులోని ఎరుపు బయటికి వచ్చిందనుకున్నారు అందరూ. బయటి ఎరుపు లోపలికి పోయిందని ఎవరికీ తట్టలేదు. మా పెద్దోడికీ తట్టలేదు. మరునాడు నేను కారు దగ్గరికి పోయి చూశాను. వెనక అద్దం రబ్బరు కిందనుంచి నీళ్ళు కారి, పలక గుడ్డ మీద పాలిపోయిన చారలు. మూట పెట్టినచోట రంగే లేదు. దాని మీద ఒక తువ్వాలు పరిచాను.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చీర ఖరీదు మా మీద పడుతుంది. కారు పేరు పోతుంది, పెళ్ళివాళ్ళు ఎక్కరు. ఇవే కారణాలని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అవి అబద్ధం కాదు. అయినా చారలు చూసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన అది కాదు. రంగుల ఇంటి ఆడబిడ్డ రంగు వేయడం రాక చెడగొట్టిందని ధర్మవరంలో అనుకుంటారే, అన్నదే ముందు వచ్చింది.

కొద్ది రోజులకు తమ్ముడు వచ్చాడు. చేతిలో ఎర్రపట్టు చిన్న చిలప.

"అక్కా, నా రంగు దిగినాదని సావుకారు అంటాండాడు. తేటబడేదాకా కడిగినా, నాకు బాగా గ్యాపకముండాది. ఇవి ఆ వాయిలో మిగిలిన పోగులే. నువ్వు నీళ్ళు చూడు."

"నువ్వే చూసుకోరాదా?"

"నాది నేను చూసి బాగుండాదంటే ఎవరొప్పుకుంటారు? నువ్వు చెప్తే సావుకారు కూడా ఊకుంటాడు. నువ్వేం చెప్తే అది."

సంతలో పని ఉందని, మధ్యాహ్నం వస్తానని పోయాడు. పింగాణీ గిన్నె నా దగ్గరే ఉంది, పుట్టింటినుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే. నీళ్ళు పోసి చిలప వేశాను. వంట చేసి వచ్చి చూశాను. తేట. ఇంకా కాసేపు ఉంచాను. తేట. నాయన వేసిన రంగు కూడా అంత గట్టిగా నిలవడం నేను చూడలేదు. ఆ నీళ్ళు దూడకు పెట్టాను. నీళ్ళంటే మాకు అంత కరువు, ఆ నీళ్ళూ అంత శుభ్రం.

దూడ తాగుతుంటే ఆలోచించాను. తమ్ముడి అంచు దిగలేదంటే, మరి ఆ ఎరుపు ఎక్కడిదని సావుకారు అడుగుతాడు. తర్వాతి అడుగు కారు దగ్గరికే.

వాడు వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోలేదు.

"ఏమైనాది అక్కా?"

"దిగినాది."

"బాగా దిగినాదా?"

"బాగానే. నువ్వు ముందునుంచీ తొందరగాడివే. నాయన ఉన్నప్పుడూ అంతే కదా."

వాడు గిన్నె వైపు చూశాడు. ఖాళీగా బోర్లించి ఉంది.

"నీళ్ళేవి?"

"పారబోసినా."

"నువ్వు నీళ్ళు పారబోసినావా?"

"పారబోసినా అంటి కదా."

వాడు వాకిట్లోకి చూశాడు. ఎర్రనీళ్ళు పోసిన జాడ ఎక్కడా లేదు. మట్టి పొడిగా ఉంది. చెంబెడు నీళ్ళు నేల మీద పోస్తే కోడళ్ళను నిలబెట్టి అడిగే మనిషిని నేను. అది వాడికి నాకంటే బాగా తెలుసు. తర్వాత, "సరేలే అక్కా" అన్నాడు. అన్నం తినమంటే తినకుండా పోయాడు.

ఓబులేసుకు ఆ చీర కూలి రాలేదు. ఒక మూట వేరుశనగ కాయలు ఇంటికి పంపాను, ఎందుకో చెప్పలేదు. తమ్ముడికి ఏమీ పంపలేకపోయాను. తోడబుట్టిన అక్కే చూసి దిగిందని చెప్పిందట అన్న మాట పాకింది. ఎవరూ వాడికి పట్టు ఇవ్వలేదు. నాయన కట్టిన రంగుల పొయ్యి ఆ ఏడాదే ఆరిపోయింది. వాడు సోమందేపల్లె పోయి రోడ్డు మీద టీ అంగడి పెట్టుకున్నాడు. మా కారు మాత్రం చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళకు తిరిగింది. వెనక రబ్బరు నేనే మార్పించాను. చివరికి పాత ఇనుముకు పోయింది. అది పోయిన రోజు నాకు తేలిక అవుతుందనుకున్నాను. కాలేదు.

వాడికి తెలుసా? ఇన్నేళ్ళూ ఇదే అడుక్కుంటున్నాను. పొడి వాకిలి చూసి తెలుసుకుని, నా కొడుకు కారు కోసం, నా పరువు కోసం ఊరుకున్నాడా? లేక అక్క కన్ను తప్పదని నమ్మి, తన చేతినే తప్పు పట్టుకుని బతికాడా? తెలిసి ఊరుకున్నాడని అనుకుంటే నాకు కొంత ఊరట. అందుకే ఆ ఊరటను నమ్మబుద్ధి కాదు.

ఈమధ్య వాడి కొడుకు రంగుల పని మళ్ళీ మొదలు పెడతానన్నాడు. పెళ్ళై పిల్లలున్న మనిషి, టీ అంగడిలో మనసు నిలవడం లేదు. నేను అక్కడే ఉన్నాను. తమ్ముడు గ్లాసులు కడుగుతూనే అన్నాడు: "వద్దురా. మన చేతికి రంగు నిలవదు. అత్తనడుగు, ఆమే చూసినాది."

మేనల్లుడు నా వైపు తిరిగాడు. తమ్ముడు తిరగలేదు. గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు. నేను టీ తాగి, బస్సు టైమైందని లేచి వచ్చాను.

ఆ చిలప ఇంకా నా పెట్టెలో ఉంది. పారేయడం నాకు చేతకాదు, వస్తువునైనా మరి దేన్నైనా. ఇవాళ పొద్దున దాన్ని తీసి, అదే గిన్నెలో నీళ్ళు పోసి వేశాను. వేసి ఇది రాయడానికి కూర్చున్నాను. ఇప్పుడు ఎండ వాకిలి దాటిపోయింది. గిన్నె నా ముందే ఉంది. అడుగున పింగాణీకి ఉన్న పగులు కూడా కనిపిస్తోంది.

తేట. నా తమ్ముడు వేసిన రంగు దిగలేదు. నీళ్ళు చూసిన మనిషిగా చెబుతున్నాను. ఆ రోజు వాడు అడిగిన దానికి నేను చెప్పాల్సింది ఈ మాటే. ముందు ఇక్కడ రాశాను. ఈ నీళ్ళు దూడకు పెట్టను, పారబోయను. వాడు వచ్చి చూసేదాకా ఇలాగే ఉంచుతాను. రమ్మని కబురు పెట్టాను.