గోడ కూలకముందే గీత చూపిన మేడం

పోయిన వారం కరీంనగర్‌లో మా మేడం కన్నుమూశారు. నేను పొద్దుటి షిఫ్టుకు బయలుదేరుతుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. చాయ్ తాగి మంచంల ఒరిగింది, గంతే" అంది. గని మీదికి వెళ్ళి ఆ మాట చెప్పగానే డంపర్ లారీల్లోకి మట్టి ఎత్తిపోసే షావెల్ యంత్రం నడిపే అన్న హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. "బస్సు మాట్లాడుండ్రి, అందరం పోదాం" అన్నాడు.

మేడం కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. బొగ్గు గనిలో ఏనాడూ పనిచేయలేదు. అలాంటి మనిషి అంత్యక్రియలకు గని నుంచి బస్సు నిండా జనం ఎందుకు వెళ్ళారో చెబుతాను.

మేడం పుట్టింది ఆదిలాబాద్‌లో. కోపం వస్తే ముందు మరాఠీలో ఏదో గొణిగి, ఆ తర్వాతే తెలుగులోకి వచ్చేవారు. సాసర్లో పోసుకోనిదే చాయ్ తాగేవారు కాదు. డిగ్రీలో మాకు కంప్యూటర్ మీద లెక్కలు నేర్పింది కూడా ఆమే. ప్రోగ్రాం నడవక మేం పరేషాన్ అవుతుంటే తెర ఆర్పేసి అడిగేవారు: "గీత గీసుడు దాని పని. ఏం చూడాల్నో చెప్పుడు మన పని. నువ్వేం చూడాల్నో ముందుగాల నాకు చెప్పు."

చదువయ్యాక నాకు మా బాపు పనిచేసిన ఊళ్ళోనే, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో ఉద్యోగం వచ్చింది. గని చుట్టూ కొండంత ఎత్తు మట్టిగోడలు. అవి కదులుతున్నాయేమో కనిపెట్టడానికి వాటిలో పాతిన సెన్సర్లు క్షణక్షణం కొలతలు పంపుతుంటాయి. ఆ కొలతలను తెర మీద గీతగా చూడటం నా పని. చిక్కల్లా అక్కడే. ఒక్కరోజు కొలతలన్నీ కలిపి చూద్దామంటే కంప్యూటర్ బిగుసుకుపోయేది. మేం చాయ్ పెట్టుకుని, తాగి, గ్లాసులు కడిగి వచ్చినా బొమ్మ వచ్చేది కాదు. వచ్చేసరికి అది పాతబడేది. చివరికి మా మేనేజర్ సార్, కొలతల్లో వందకొకటి మాత్రమే గీయమన్నారు. బొమ్మ తొందరగానే రాసాగింది. కానీ నాకు మనసొప్పలేదు. మేడంకు ఫోన్ చేశాను.

ఆమె రెండో మాట మాట్లాడకుండా బస్సెక్కి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే అడిగారు. "ఆలస్యం ఏడయితుంది? ఫైలు చదువుట్లనా, లెక్క చేసుట్లనా, గీసుట్లనా?"

"తెల్వదు మేడం."

"తెల్వకుండ ఏం బాగుచేస్తవ్ బిడ్డా? గడియారం పెట్టి చూద్దాం పా."

చూశాం. చదవడం, లెక్కచేయడం చిటికెలో అయిపోతున్నాయి. ఆలస్యమంతా గీయడంలోనే. కొత్త కొలత ఒక్కటి వచ్చినా మా ప్రోగ్రాం బొమ్మంతా చెరిపేసి మొదటి నుంచి మళ్ళీ గీస్తోంది. మేడం గొణిగిన మరాఠీ ముక్క నాకు అర్థం కాలేదు. ముందు ఆ చెరపడం మాన్పించారు. ఉన్న గీతకు కొత్త ముక్క అతికితే చాలన్నారు.

తర్వాత తెర దగ్గరగా వంగి చూపించారు. "ఈ తెర అడ్డంగ ఎన్ని చుక్కలుంటది? మహా అంటె రెండు వేలు. నువ్వు లక్షల కొలతలు దానిమీద కుమ్మరిస్తున్నవ్. ఒకదాని మీద ఒకటి పడి, కంటికి కనబడేటిది గన్నే చుక్కలు."

"అందుకే సార్ వందకొకటి గీయమన్నరు."

"బియ్యంల వందకొక్క గింజ చూస్తె రాయి దొరుకుతదా? తెర మీద ఒక్కో చుక్క వెడల్పుల పడే కొలతలన్ని ఒక్కతాన పెట్టు. అండ్ల అన్నిటికన్న చిన్నది, అన్నిటికన్న పెద్దది తీసి, నడుమ నిలువుగీత గియ్యి. రాయి ఏడున్నా పైకి తేలుతది."

అలాగే రాశాం. మీట నొక్కి వేలు తీసేలోపు రోజంతటి బొమ్మ వచ్చి నిలబడింది. మేనేజర్ సార్ నమ్మలేదు. "ఇంత జల్దిగ వచ్చిందంటే ఏమన్న వదిలేసిందేమో మేడం" అన్నారు.

"అనుమానం మంచిదే సార్. మీరే ఒక కుదుపు ఎతికి ఇయ్యుండ్రి."

ఆయన పాత కొలతల్లోంచి, రెప్పపాటు మాత్రమే ఉన్న ఒక కుదుపును ఏరి ఇచ్చారు. వందకొకటి గీసిన బొమ్మలో అది లేదు. మేడం బొమ్మలో నిలువుగా లేచి ఉంది. సార్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఇంకో దినానిది తియ్యుండ్రి" అన్నారు. సాయంత్రం దాకా ఆయన లేవలేదు.

ఆ వానాకాలం, ఒక మధ్యాహ్నం, పడమటి గోడ గీతలో సన్నని ముళ్ళు లేచాయి. కాసేపటికి మరికొన్ని. చూస్తుండగానే ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. సార్ పరుగున వచ్చి నిన్నటి బొమ్మ, మొన్నటి బొమ్మ పక్కపక్కన పెట్టించారు. అడిగిన క్షణంలోనే వచ్చాయి. వాటిలో ముళ్ళు లేవు. సార్ వాకీటాకీ అందుకుని అందర్నీ పైకి రమ్మన్నారు.

షావెల్ మీదున్న అన్న గొంతు వినిపించింది. "సార్, జర ఈ డంపర్ నింపి వస్త."

నేను సార్ చేతిలోంచి వాకీటాకీ తీసుకున్నాను. "అన్నా, నింపుడు వద్దు. దిగి రా. గోడ కదులుతుంది."

"నిజమేనా చెల్లే?"

"నా కండ్ల ముందట కనబడుతుందన్నా."

అతను దిగాడు. ఆఖరి జీపు పైకెక్కి, మేమంతా అంచు మీద నిలబడి చూస్తుండగా పడమటి గోడ తెగి జారింది. షావెల్ సగానికి పైగా మట్టిలో కూరుకుపోయింది. దుమ్ము మా దాకా వచ్చింది. షిఫ్టు హాజరు చూసే ఓవర్‌మెన్ పేర్లు పిలిచారు. పిలిచిన ప్రతి పేరూ పలికింది. అప్పుడు లేచిన కేకలు, ఒకరినొకరు వాటేసుకోవడాలు నేను ఏ పండక్కీ చూడలేదు.

వెంటనే మేడంకు ఫోన్ చేశాను. "మేడం, గోడ కూలింది. కింద ఒక్కరు లేరు."

ఆమె, "అందర్ని లెక్కపెట్టినరా?" అన్నారు.

"పెట్టినం మేడం."

"మల్లొక్కసారి పెట్టుండ్రి."

మళ్ళీ పెట్టాం. అందరూ ఉన్నారు. ఆ మాట చెప్పగానే మేడం నవ్వారు. ఫోన్లో ఆ నవ్వు పక్కనున్న సార్‌కు కూడా వినిపించింది.

ఆ ప్రోగ్రాం ఇప్పుడు చుట్టుపక్కల గనుల్లోనూ నడుస్తోంది. దాన్ని నేర్పడానికి మేడం తానే ట్రైనింగ్ హాలుకు వచ్చేవారు. ఎవరైనా పొగడబోతే, "పని నడుస్తుందా లేదా, గది చెప్పు" అని మాట మళ్ళించేవారు.

బస్సులో కరీంనగర్ వెళ్తున్నంతసేపూ నాకు ఒక్కటే కళ్ళ ముందు మెదిలింది. ఆ ఏడు వానలు వెనకబట్టాక ఓరోజు మేడం గని చూడటానికి వచ్చారు. షావెల్ అన్న గంప నిండా సీతాఫలాలు తెచ్చాడు. గని అంచున, వ్యూపాయింట్ దగ్గర సిమెంటు దిమ్మె మీద ఇద్దరూ కూర్చుని తింటున్నారు. కింద కొత్తగా వేసిన బాట మీద డంపర్లు వరసగా దిగుతున్నాయి. ఆమె ఎవరో డ్రైవర్లకు ఎవరు చెప్పారో తెలియదు, మలుపు తిరిగే ప్రతి డంపరూ ఒకసారి హారన్ కొట్టి పోతోంది. చేతులు పండు గుజ్జుతో జిగటగా ఉన్నాయి. మేడం మోచెయ్యి ఎత్తి ఊపుతున్నారు, ఒక్కో డంపరుకు ఒక్కోసారి, ఒక్కదాన్నీ వదలకుండా.