కళ్ళజోడు తీయించిన ఫోటో

భిలాయిలో, సుపేలా సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు అరుణజ్యోతి తలెత్తి చూసింది. ట్రావెల్స్ ఆఫీసు మేడకి కొత్త ఫ్లెక్సు కట్టారు. అందులో ఒక నల్లటి ముసలావిడ కర్రపెండలం కోరుతూ, కళ్ళు చికిలించి ఎటో చూస్తోంది. కింద హిందీలో బారెడు అక్షరాలు: 'ఆదిమానవుల మధ్య ఒక రోజు'.

"భయ్యా, ఇక్కడే దింపెయ్," అంది అరుణజ్యోతి.

ఫ్లెక్సులో ఉన్నావిడ పేరు ఫెలిసిటా. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆ సంగతి ఫోటో తీసినవాడికీ తెలుసు. తీసింది అరుణజ్యోతి చెల్లెలు ఛాయ భర్త, రవిశంకర్.

అరుణజ్యోతి స్టీలు ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసింది. అవతలివాడు నోటికొచ్చినట్టు తిట్టినా "లైన్‌లో ఉండండి సార్" అని మెత్తగా చెప్పడమే ఆవిడ ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ గొంతు మారలేదు. కూరలవాడితో బేరం కూడా అలాగే ఆడేది. కిందటి జనవరిలో "నువ్వొక్కదానివీ ఇంట్లో కూచుని ఏటి చేస్తావక్కా, మాతో రా" అని ఛాయ పట్టుబడితే, ఈ ట్రావెల్స్ వాళ్ళ టూరులోనే పధ్నాలుగు మంది రిటైర్డ్ ఆఫీసర్ల గుంపుతో కలిసి, మధ్య అమెరికాలో ఉన్న బెలీజ్ దేశానికి వెళ్ళింది. వారం రోజులు సముద్రం, దీవులు, కొబ్బరితోటలు. ఆఖరి శనివారం గారిఫునా వాళ్ళ ఊరు.

ఆఫ్రికా నుంచి వచ్చి పడినవాళ్ళూ, ఆ దీవుల్లో ముందునుంచీ ఉన్నవాళ్ళూ కలిసిపోయిన జాతి వాళ్ళది. రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు వాళ్ళని సొంత దీవి నుంచి ఓడలెక్కించి తరిమేశారు. చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు ఈ ఒడ్డున ఊళ్ళు కట్టుకున్నారు. ఇదంతా, తన బడి సంగతీ ఫెలిసిటాయే ఇంగ్లీషులో చెప్పింది, రాళ్ళముక్కలు దిగ్గొట్టిన చెక్క మీద కర్రపెండలం కోరుతూ. శనివారాలు ఊరి పిల్లల్ని కూచోబెట్టుకుని రొట్టె చెయ్యడమూ, తమ భాషా నేర్పుతుందట. టూరిస్టులు వస్తే వాళ్ళూ ఓ పక్కన కూచుంటారు. పక్కనే రోట్లో అరటికాయలు దంచుతున్నారు, పొయ్యి మీద కొబ్బరిపాలల్లో చేపలు ఉడుకుతున్నాయి. అరుణజ్యోతికి అమ్మ చేతి పులుసు వాసన తగిలి ఆకలేసింది. గుంపులో సగం మంది ముక్కు మూసుకుని బిస్కట్లు తిన్నారు.

రవిశంకర్ కెమెరా పట్టుకుని గైడుని పిలిచాడు. "ఆ వాచీ, కళ్ళజోడు తీసెయ్యమనండి. నేచురల్‌గా లేదు."

గైడు తల దించుకుని చెప్పాడు. ఫెలిసిటా ఒక్క క్షణం రవిశంకర్‌ని చూసింది. తర్వాత రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళజోడు లేకుండా కోరబోతే వేలి కణుపు చెక్కకి గీరుకుని నెత్తురొచ్చింది. రవిశంకర్ క్లిక్ క్లిక్‌మనిపిస్తూనే ఉన్నాడు. అరుణజ్యోతి రెండడుగుల దూరంలో ఉంది. చూసింది. ఏమీ అనలేదు. బస్సెక్కే ముందు చేతిరుమాలు ఇచ్చి, ఫోన్ నంబరు రాయించుకుని వచ్చేసింది.

ఆ రోజునుంచీ ఆవిడకి తల్లి అప్పయమ్మ పదే పదే గుర్తొస్తోంది. ప్లాంటు కడుతున్న రోజుల్లో భీమిలి వైపు నుంచి వచ్చి, క్యాంపులో రేకుల ఇంట్లో ఉంటూ తట్టలు మోసిన మనిషి. అరుణజ్యోతికి ఎనిమిదేళ్ళప్పుడు, కూలీల బతుకు చూడ్డానికని ఎవరో పెద్దమనుషులు కార్లలో వచ్చారు. చెప్పులు లేకుండా అయితే ఫోటో బాగుంటుందన్నారు. అప్పయమ్మ కొత్త చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కార్లు వెళ్ళిపోయాక ఆ పూట పొయ్యి ముట్టించలేదు. "ఆళ్ళు ఇప్పమంటే నానెందుకు ఇప్పినానే," అని తనని తానే తిట్టుకుంటూ కూచుంది.

ట్రావెల్స్ ఆఫీసులో కుర్చీలో ఉన్నది ప్రణవ్. భిలాయిలోనే పుట్టిన తెలుగు కుర్రాడు.

"ఆ ఫ్లెక్సు దింపు బాబూ," అంది అరుణజ్యోతి.

"క్యోఁ ఆంటీ, బాగుంది కదా. అంకుల్ తీసిన ఫోటోనే అది."

"ఆవిణ్ణి అడిగేరా?"

"అక్కడెక్కడో ఉన్నావిడకి ఏటి తెలుస్తాది ఆంటీ? ఉస్‌కో క్యా ఫరక్?"

"ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. మీ బడిలో హెడ్‌మిస్ట్రెస్ ఫోటో పెట్టి కింద ఆదిమానవురాలని రాస్తావా?"

ప్రణవ్ నవ్వాడు. ఆ నవ్వుతో ముప్ఫై నాలుగేళ్ళ మెత్తదనం తెగిపోయింది. అరుణజ్యోతి గొంతు రోడ్డు దాకా వినబడింది. టికెట్ల కోసం వచ్చిన ఇద్దరు లేచి నిలబడ్డారు. ప్రణవ్ భయపడి రవిశంకర్‌కి ఫోన్ కలిపి ఆవిడకిచ్చాడు.

"ఏటి వదినా ఇది, బజార్లో? ఒక ఫోటో కోసం నా పరువు తీస్తారా?"

"మీ పరువు తీస్తే మీకు నెప్పి పుట్టిందా మరిదిగారూ? ఆవిడ కళ్ళజోడు తీయించినప్పుడు ఆవిడకీ పుట్టింది."

"ఆవిడ తనే తీసింది కదా. నేనేం లాక్కున్నానా?"

అరుణజ్యోతి ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న పదింటికి వచ్చి ఆఫీసు కుర్చీలో కూచుంది. వచ్చిన ప్రతివాడికీ ఫ్లెక్సులో ఉన్నది ఎవరో, ఆ కళ్ళు ఎందుకలా చికిలించి ఉన్నాయో చెప్పింది. ఆ మర్నాడూ వచ్చింది. మూడో రోజు పదకొండింటికి ప్రణవ్ నిచ్చెన తెప్పించి తాళ్ళు కోయించాడు. దాన్ని చుట్ట చుట్టి లోపలికి మోస్తూ, "ఇప్పుడు ఖుష్ హో ఆంటీ?" అన్నాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి ఆటో పిలిచింది.

ఇంటికెళ్ళి జరిగినదంతా ఇంగ్లీషులో ఫెలిసిటాకి వాట్సప్ చేసింది. మెచ్చుకుంటుందని లోపల ఎక్కడో ఆశ ఉంది. సాయంత్రం జవాబొచ్చింది.

'దింపించడం మంచిదే. కానీ నువ్వు రెండడుగుల దూరంలో ఉన్నావు. నీకు ఇంగ్లీషు వచ్చు. అప్పుడెందుకు నోరు విప్పలేదు?'

అరుణజ్యోతికి మొదట కోపమొచ్చింది. మూడు రోజులు దీని కోసమా కూచున్నాను అనుకుంది. ఛాయ మాట్లాడ్డం మానేసింది, కాలనీలో సెక్టారంతా పిచ్చిదంటోంది. ఫోన్ మంచం మీదికి విసిరి వంటింట్లోకి పోయింది. బియ్యం కడుగుతూ మూడుసార్లు నీళ్ళు పారబోసింది, ఎందుకో తెలియకుండా. తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి, ఆ ప్రశ్న మళ్ళీ చదివింది. కోపం అలాగే ఉంది, కానీ అది ఫెలిసిటా మీద కాదు.

'భయం కాదు. మా వాళ్ళ ముందు మర్యాద పోతుందని ఊరుకున్నాను. నెత్తురు చూసి కూడా ఊరుకున్నాను. తప్పు నాదే,' అని రాసి పంపింది.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. జవాబు అడిగే హక్కు తనకి లేదని అరుణజ్యోతి మళ్ళీ రాయలేదు.