ఎలుక కెమెరాకి వెలుగొచ్చిన పూట

ఒక చచ్చు కెమెరాను నేను ఒక్క పూటలో ప్రపంచాద్భుతం చేసి, పొద్దు వాలకముందే పరువు పోగొట్టుకున్న కథ ఇది. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అదే పనిలో ఉన్నారు.

అప్పట్లో అమలాపురం దగ్గర ఒక కాలేజీలో పరిశోధన చేస్తుండేదాన్ని. ఎలుకకి రవ్వంత రేడియోధార్మిక మందు ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడికి చేరిందో బయటినుంచి బొమ్మ తీసే కెమెరా మాది. ఎలుక చిన్నది, మందు కొంచెం, దాన్నుంచి వచ్చే కిరణాలూ కొంచెమే. వాటిలో మా కెమెరా పట్టుకునేవి మరీ తక్కువ. బొమ్మ తయారయ్యేసరికి మత్తులో ఉన్న ఎలుక ఒక జన్మకి సరిపడా నిద్రపోయేది. కెమెరా ముందుండే సీసం పలకకి ఒక్క బెజ్జం బదులు చాలా బెజ్జాలు పెడితే కిరణాలు ఎక్కువ అందుతాయని నా వాదన. ఆ పలక పనిచెయ్యకపోతే నా డాక్టరేటు గోదాట్లో కలిసినట్టే.

దాన్ని బిగించిన రోజునే మావయ్య దిగాడు. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులున్న మనిషి. రాజమండ్రి ఆసుపత్రిలో ఏదో పరీక్ష చేయించుకుని, ఇంటికి వెళ్తూ మేనకోడలి ఘనకార్యం చూసిపోదామని వచ్చాడు. బయటివాళ్లని ఆ గదిలోకి రానివ్వకూడదు. కానీ మావయ్యని కాదంటే నొచ్చుకుంటాడు, నొచ్చుకుంటే మా అమ్మకి ఫోన్ చేస్తాడు. మా అమ్మ ముందు రేడియేషన్ ఏపాటిదండీ? రానిచ్చాను.

ఆయన కెమెరా మీదికి వంగి, చెరువులో రొయ్యపిల్లని చూసినట్టు ఎలుకని చూశాడు. అందిన కిరణాల్ని లెక్కగట్టే అంకెలు తెర మీద వరదనీరులా ఎగబాకాయి. బొమ్మ మాత్రం పొగమంచులో పడవలా మసగ్గా ఉంది. ఆనందంలో మునిగినవాళ్లకి మసక ఏం కనిపిస్తుంది చెప్పండి?

"చూసేవా అమ్మా, నేనొచ్చిన వేళ అలాంటిది," అన్నాడు మావయ్య. నిజమేనన్నాను. తర్వాత తెలిసింది, అది అక్షరాలా నిజమని.

మా ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. మా పని కొనసాగించాలో వద్దో తేల్చడానికి ఆరోజే వచ్చిన పెద్దాయన్ని వెంటబెట్టుకుని ఆయన హుటాహుటిన వచ్చారు. ఈలోగా మావయ్య టీ తాగడానికి వెళ్లాడు. నేను నా పలక గొప్పతనం మీద ఉపన్యాసం దంచి, ఠీవిగా తెర చూపించాను. అంకెలు తడిసిన చిచ్చుబుడ్డిలా నేలకంటుకుని ఉన్నాయి.

ఒక మర బిగించాను. ఇంకోటి వదులు చేశాను. పెద్దాయన గడియారం చూసుకున్నారు. అంతలో మావయ్య వచ్చి, ఏమైందోనని మళ్లీ వంగాడు. అంకెలు లేచాయి. పెద్దవాళ్లకి చోటిద్దామని వెనక్కి జరిగాడు. పడ్డాయి.

ప్రొఫెసర్ గారు నా పలకని వదిలేసి మావయ్య వంక చూడటం మొదలుపెట్టారు. బల్ల మీదున్న రేడియేషన్ మీటరు తీసి ఆయన చొక్కా జేబు దగ్గర పెట్టారు. అది కీచురాయిలా అరిచింది.

"ఇవాళ ఆసుపత్రిలో సూదేమైనా వేసేరాండి?"

"ఆయ్. గుండె ఫొటో తీయడానికని ఏదో మందు ఎక్కించేరండి. చంటిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ కాస్త దూరంగా ఉండమన్నారు." మావయ్య ఎలుక వైపు అనుమానంగా చూశాడు. "కొంపదీసి ఇది గానీ కడుపుతో ఉందాండి?"

పెద్దాయన స్టూలు మీద కూలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. ఒంట్లో ఎలుకకంటే ఎక్కువ రేడియోధార్మిక మందున్న మావయ్యని పంపించేశాక, పాత పలకతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి ఆయనే దగ్గరుండి కొలిపించారు. అద్భుతం కాదు గానీ, నా పలక పాతదానికంటే మెరుగ్గానే పట్టింది. పని కొనసాగించమన్నారు. మావయ్య మాత్రం ఆ యంత్రం తన గుండె బలంతోనే నడిచిందని ఉప్పలగుప్తమంతా చాటుకున్నాడు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఆరోజు సీసం పలక మీద చెయ్యేసి, భూమ్యాకాశాల సాక్షిగా శపథం చేశాను: ఇకమీదట ఎంత దగ్గరి చుట్టమొచ్చినా ముందు మీటరు పెట్టి చూస్తాను, ఆ తర్వాతే కుశలం అడుగుతాను.